అర్ధరూపాయి వడ్డీ చాలదా బాబాయ్?

కొంచెం పెద్ద పోస్టు. మధ్యాహ్నం భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న టీ కొట్టు దగ్గర మాటల్లో మాటగా, సార్వా ధాన్యం డబ్బుల్లో కొంత లిక్విడ్ ఫండ్‌లో పెట్టానని అన్నాను. ఒక పెద్దాయన, నాకు బాబాయి వరస, గ్లాసు బల్ల మీద పెట్టి గట్టిగా నవ్వారు. "ఒరేయ్ అబ్బాయ్, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి కళ్లకద్దుకుని తీసుకెళ్తుంటే, అర్ధరూపాయి వడ్డీకి బొంబాయోడికి ఇస్తావా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వేసి వచ్చేశాను, పెద్దాయనతో అక్కడ వాదించలేక. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఆయన ఒక్కరి మాట కాదది, మన గోదారి జిల్లాలు మొత్తం మాట. అందుకని బాబాయికి గౌరవంగానే, కానీ దాచుకోకుండా, ఇక్కడ జవాబు చెప్తున్నాను.

ముందు లెక్క ఒప్పుకుంటాను. జూన్‌లో పిల్లల ఫీజుకని ఒక 3 లక్షలు పక్కన పెట్టారనుకోండి. జనవరి నుంచి మే ఆఖరు వరకు అయిదు నెలలు. సేవింగ్స్ ఖాతాలో ఉంచితే, స్టేట్ బ్యాంకు ఇప్పుడిచ్చే రెండున్నర శాతం లెక్కన 3,125 వస్తుంది. లిక్విడ్ ఫండ్‌లో ఆరు శాతం అనుకుంటే 7,500. తేడా నాలుగు వేల చిల్లర. మద్దతు ధర 2,369 లెక్కన 75 కేజీల బస్తా 1,777 రూపాయలు, అంటే రెండున్నర బస్తాల ధాన్యం. అదే బాబాయి లెక్కన రెండు రూపాయల వడ్డీకి తిప్పితే 30,000. కాబట్టి "లిక్విడ్ ఫండ్‌లో పెట్టి కోటీశ్వరులు అవ్వండి" అని ఎవడైనా చెప్తే వాడిని నమ్మకండి. అక్కడ ఎవరూ బాగుపడిపోరు. ఆ 30,000 ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరి దగ్గర్నుంచి వస్తోంది అన్నది చూడండి. నా గొడవంతా అక్కడే.

నా సంగతే చెప్తాను, ఊళ్లో చాలామందికి తెలిసిందే. కొన్నేళ్ల కిందట రొయ్యల చెరువులు చేసే ఒకాయనకి 4 లక్షలు ఇచ్చాను. ప్రోనోటు మీద, రెండు రూపాయల వడ్డీకి. మంచి మనిషి. ఇప్పటికీ అదే మాట అంటాను. నెలకి 8,000 చొప్పున 14 నెలలు, ఒక్కరోజు తేడా లేకుండా తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఆవిడ కూడా "పోనీలెండి, జీతం లాగా వస్తోంది" అని సంబరపడింది. తర్వాత వైట్ స్పాట్ వచ్చింది. ఒక పంట పోయింది, పట్టుదలగా మళ్లీ పిల్ల వేశాడు, అదీ పోయింది. మేత డీలరు, కరెంటు, బయట అప్పులు, అన్నీ మీద పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే కోర్టు నోటీసు వచ్చింది, ఐపీ పెట్టేశాడు. నాకు వచ్చిన వడ్డీ మొత్తం 1,12,000. పోయిన అసలు 4 లక్షలు. నికరంగా 2,88,000 కాలవలో కలిసింది. ఆ జూన్‌లో మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి ఇంట్లో ఆవిడ చంద్రహారం బ్యాంకులో పెట్టాను. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు ఆవిడ ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ గమనించండి. ఆయన మోసగాడు కాదు. మోసగాడైతే జాగ్రత్త పడొచ్చు అంటారు మీరు, "మనిషిని చూసి ఇవ్వాలి" అంటారు. మనిషిని చూసే ఇచ్చాను. చెరువు అడుగున ఏముందో నాకెలా కనబడుతుంది, ఆయనకే కనబడలేదు.

బాబాయి లెక్కకి ఇంకో లెక్క. అయిదుగురికి తలా లక్ష ఇవ్వండి, రెండు రూపాయల వడ్డీకి. నలుగురు ఏడాది తిరిగేసరికి 24,000 చొప్పున ఇచ్చారు, 96,000. అయిదోవాడు మునిగాడు, లక్ష పోయింది. ఏడాది మొత్తం తిరిగి, నోట్లు రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, మొహమాటపడి, మొహం చాటేసినవాడి గుమ్మం తొక్కి, చివరికి నాలుగు వేలు నష్టం. "ఏటా అయిదుగురిలో ఒకడు మునుగుతాడేంట్రా" అని అడుగుతారు. నిజమే, ఏటా మునగడు. కానీ మునిగే ఏడాది ఒక్కడే మునగడు, అసలు ప్రమాదం అది. మన ఊళ్లో మనం ఎవరికి అప్పిస్తాం? మన కాలవ కింద, మన బోదె నీళ్లతోనే వ్యవసాయం చేసేవాడికి. లేదా మన పక్క చెరువువాడికి. నా చేను పడిపోయిన రోజునే వాడి చేనూ పడిపోతుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరి చెట్లు విరిగినప్పుడు అప్పు ఇచ్చినవాడి తోటా పోయింది, తీసుకున్నవాడి తోటా పోయింది. 2011లో కోనసీమలో గిట్టుబాటు కాక పంట విరామం అని సార్వా మానేసినప్పుడు ఎవడి దగ్గర డబ్బు తిరిగిందండీ? మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చింది, కోతకొచ్చే చేలు నీళ్లలో పడుకున్నాయి. దానికి రెండు నెలల ముందే అమెరికా వాడు సుంకం 50 శాతం చేస్తే రొయ్య రైతు గుండె ఆగినంత పనైంది. ఇలాంటి ఏడాదిలోనే మన డబ్బు మనకి కావాలి. సరిగ్గా అప్పుడే అది మన చేతికి రాదు. గొడుగు వానలో తెరుచుకోకపోతే ఎండాకాలం అంతా దాన్ని మోసి ఏం లాభం?

పైగా ప్రోనోటుకి మూడేళ్లే ప్రాణం. మొహమాటానికి అడక్కుండా ఊరుకుని, తిరగరాయించుకోకపోతే కాలదోషం పడుతుంది. ఎంతమంది బీరువాల్లో చచ్చిపోయిన నోట్లు ఉన్నాయో ఆ భీమేశ్వరుడికే తెలియాలి.

"సరే, మనుషులకి వద్దు, సంస్థలో పెడదాం" అనే రెండో రకం వాళ్లున్నారు. వాళ్లకి రెండు పేర్లు గుర్తుచేస్తాను. ఒకటి అగ్రిగోల్డ్. 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్ల పైచిలుకు తీసుకుంది. ఏజెంట్లు ఎవరు? మన బంధువులే, మన వీధివాళ్లే. చివరికి 10 వేల లోపు కట్టినవాళ్లకి 2019లో, 20 వేల లోపు వాళ్లకి 2021లో ప్రభుత్వం ఇచ్చింది, అదీ జనం పన్నుల డబ్బుతో. రెండోది మన కాకినాడలోనే, జయలక్ష్మి మ్యూచువల్లీ ఎయిడెడ్ సొసైటీ. బ్యాంకుకంటే ఎక్కువ వడ్డీ ఇస్తుందని రిటైరైనవాళ్లు, కూతురి పెళ్లికి దాచుకున్నవాళ్లు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కౌంటరు దగ్గర డబ్బు లేదన్నారు. వందల కోట్లు. కేసు సీఐడీకి వెళ్లింది. ముసలివాళ్లు ధర్నాలు చేశారు.

ఆ బోర్డు మీద సొసైటీ అని ఉంటుంది, లోపల కౌంటరు, పాస్ పుస్తకం, మేనేజరు, అన్నీ బ్యాంకులాగే ఉంటాయి. కానీ బ్యాంకు మునిగితే 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. 1995 చట్టం కింద పుట్టిన ఈ పరస్పర సహాయ సొసైటీలకి ఆ బీమా లేదు. మన ఊరి సహకార పరపతి సంఘంలో వేసిన డిపాజిట్‌కీ లేదు. ఈ సంగతి డిపాజిట్ చేసే రోజున ఎవరైనా చెప్పారా మీకు?

ఇప్పుడు లిక్విడ్ ఫండ్ అంటే ఏంటో, బొంబాయోడు మన డబ్బుతో ఏం చేస్తాడో చెప్తాను. ఇది తెలియకే మనం నవ్వుతున్నాం.

మ్యూచువల్ ఫండ్ అనగానే షేర్ మార్కెట్ అనుకుంటారు. ఇందులో షేర్లు ఉండవు. మన లాంటి వాళ్ల డబ్బు పోగుచేసి పొట్టి గడువు అప్పులు ఇస్తారు. ప్రభుత్వానికి ట్రెజరీ బిల్లుల మీద, బ్యాంకులకి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ల మీద, పెద్ద కంపెనీలకి కమర్షియల్ పేపరు మీద. ఏ కాగితం గడువైనా 91 రోజులు దాటకూడదు, అది సెబీ నిబంధన. అందులో కనీసం 20 శాతం నగదు, ప్రభుత్వ పత్రాల్లాంటి వాటిలో ఉంచాలి. ఓవర్‌నైట్ ఫండ్ అని ఇంకొకటి ఉంది, ఇవాళ ఇచ్చింది రేపు వచ్చేయాలి, ఒక్కరాత్రి అప్పు. ఇంకా భయం ఉన్నవాళ్లకి అది. మనీ మార్కెట్ ఫండ్ అయితే ఏడాది గడువు కాగితాల దాకా వెళ్తుంది, కాబట్టి ఊగు కొంచెం ఎక్కువ. జూన్ ఫీజు డబ్బుకి అంత దూరం వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం.

అంటే మనం ఊళ్లో చేసే పనే వాళ్లూ చేస్తున్నారు, అప్పులివ్వడమే. తేడా ఏంటంటే మనం ఒక చెరువుకి ఇస్తాం, వాళ్లు వంద చోట్ల ఇస్తారు. ఆ వంద చోట్లా ఒకే కాలవ కింద ఉండవు.

ఇందులో డబ్బు ఎక్కువగా పెట్టేది ఎవరో తెలుసా? కంపెనీలు. మనకి ఎరువు అమ్మేవాడు, మన దగ్గర రొయ్య కొనేవాడు, ట్రాక్టరు చేసేవాడు. వాళ్ల ఖాతాలో మిగిలిన డబ్బుని పది రోజులైనా ఖాళీగా ఉంచరు, ఇలాంటి ఫండ్లలోనే ఉంచుతారు. మనం మాత్రం సేవింగ్స్ ఖాతాలో పడేసి, వారానికోసారి పాస్ పుస్తకం ప్రింటు కొట్టించుకుని మురిసిపోతాం. మీలో పెద్దవాళ్లకి గుర్తుండాలి, 2010 ఏప్రిల్ ముందు వరకు నెలలో 10వ తేదీ నుంచి ఆఖరు రోజు దాకా అన్నిటికంటే తక్కువ నిల్వ ఎంతుంటే దాని మీదే సేవింగ్స్ వడ్డీ ఇచ్చేవారు. నెల మధ్యలో కూలీలకని ఒక్కసారి ఖాళీ చేస్తే ఆ నెల వడ్డీ పోయినట్టే. మన డబ్బుకి మనమే లోకువ అయిపోయాం అప్పటి నుంచీ.

అసలు ఈ ఫండు పుట్టిందే మనలాంటి చిన్నవాళ్ల కోసం. 1970 నాటికి అమెరికాలో బ్యాంకులు చిన్న డిపాజిటర్లకి ఇంతకుమించి వడ్డీ ఇవ్వకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. బయట ట్రెజరీ బిల్లుల మీద ఎక్కువ వడ్డీ వస్తోంది కదా, జనం అటు వెళ్లకుండా వాటి కనీస కొనుగోలు 1,000 డాలర్ల నుంచి 10,000 డాలర్లకి పెంచేశారు. అంటే ఉన్నవాడికి మంచి వడ్డీ, లేనివాడికి బ్యాంకు పెట్టిందే ప్రసాదం. అప్పుడు బ్రూస్ బెంట్, హెన్రీ బ్రౌన్ అని ఇద్దరు, చిన్నవాళ్ల డబ్బు పోగుచేసి పెద్ద కాగితాలు కొందాం అని రిజర్వ్ ఫండ్ పెట్టారు. మనీ మార్కెట్ ఫండ్లలో మొదటిది అదే.

అదే సంస్థ ఫండే 2008 సెప్టెంబరులో దెబ్బతింది. ఇదీ చెప్పాలి, లేకపోతే నాకూ అగ్రిగోల్డ్ ఏజెంటుకీ తేడా ఉండదు. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది, ఆ సంస్థ కాగితాలు ఈ ఫండ్ దగ్గరున్నాయి. డాలరుకి డాలరు ఇవ్వాల్సింది 97 సెంట్లకి పడిపోయింది. అమెరికా అంతా కంగారుపడింది. మన దేశంలోనూ 2017 ఫిబ్రవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ కాగితం రేటింగు పడిపోతే, దాన్ని ఎక్కువగా పెట్టుకున్న ఒక లిక్విడ్ ఫండ్ ఒక్కరోజులో సుమారు 7 శాతం పడింది. అంటే ఏడాది వడ్డీ ఒక్క పూటలో పోయింది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ ఫండ్లు మూసేసింది. వాటిలో లిక్విడ్ ఫండ్ లేదు. ఎక్కువ వడ్డీ కోసం బలహీనమైన కాగితాలు కొన్నవే అవి. డబ్బు తర్వాత విడతలుగా తిరిగి వచ్చింది కానీ నెలల తరబడి ఆగింది. ఫీజు కట్టాల్సినవాడికి ఆగడమూ పోవడమూ ఇంచుమించు ఒకటే.

కాబట్టి బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న బీమా దీనికి లేదు, గ్యారంటీ లేదు, రేటూ ఒకేలా ఉండదు. 2021లో లిక్విడ్ ఫండ్లు ఇచ్చింది మూడు శాతం చుట్టూనే. 2023, 2024లో ఏడు శాతం చుట్టూ. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని 6.5 నుంచి 5.25కి దించింది, కాబట్టి నేను పైన అనుకున్న ఆరు కూడా రాకపోవచ్చు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ చెడ్డరోజున వందకి ఏడు పోయింది. ప్రోనోటు చెడ్డరోజున నాకు వందకి వంద పోయింది.

ఫండ్ ఎంచుకునేటప్పుడు జాబితాలో అందరికంటే ఎక్కువ ఇచ్చినదాని జోలికి వెళ్లకండి. లిక్విడ్ ఫండ్‌లో పక్కవాడికంటే అర శాతం ఎక్కువొచ్చిందంటే, పక్కవాడు ముట్టుకోని కాగితమేదో ఇతను ముట్టుకున్నాడని నేను అనుకుంటాను. పెద్దది, ప్రభుత్వ బిల్లులూ మంచి బ్యాంకుల కాగితాలూ ఎక్కువున్నది చూసుకోండి. ఏమేం కొన్నారో ఆ జాబితా వాళ్ల వెబ్‌సైటులో పెడతారు, మన ప్రోనోటువాడు పెట్టడు. డైరెక్ట్ ప్లాన్ అని ఉంటుంది, 2013 నుంచి, కమీషన్ లేనిది. వచ్చేదే అర్ధరూపాయి, అందులో మళ్లీ ఏజెంటు వాటా ఎందుకు? వారం లోపు తీస్తే నామమాత్రం కోత ఉంటుంది, తర్వాత లేదు. ఇవాళ తీస్తే మామూలుగా రేపటి పని దినానికి ఖాతాలో పడుతుంది. చాలా ఫండ్లలో 50 వేల వరకు, లేదా మీ నిల్వలో 90 శాతం, ఏది తక్కువైతే అది, అప్పటికప్పుడు తీసుకోవచ్చు. అర్ధరాత్రి కాకినాడ ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చినా. నామినీ పేరు మాత్రం మర్చిపోకండి.

పన్ను సంగతి కూడా. ధాన్యం మీద పన్ను లేదు కదా అని దీని లాభం మీదా లేదనుకోవద్దు. 2023 ఏప్రిల్ తర్వాత పెట్టినదాని లాభం మామూలు ఆదాయంతో కలిపి మీ శ్లాబు ప్రకారం లెక్కేస్తారు. బాబాయి రెండు రూపాయల వడ్డీకీ పన్నుంది లెండి, ఎవరూ చెప్పరంతే.

ఒక బ్యాంకు బ్రాంచిలో, పేరెందుకు, "లిక్విడ్ ఫండ్ కావాలి" అని అడిగితే ఎదురుగా ఉన్న అబ్బాయి నవ్వుతూ ఒక ఫారం పెట్టాడు. చదివితే ఇన్సూరెన్సు పాలసీ, అయిదేళ్లు తీయడానికి లేదు, ఏటా లక్ష కట్టాలి. "ఇది కూడా ఫండే సార్, ఇంకా మంచిది" అన్నాడు. అయిదు నెలల్లో కావలసిన డబ్బుని అయిదేళ్ల బోనులో పెట్టమంటున్నాడు. కుర్రాళ్లేమో ఫోను చూపించి "అన్నా, స్మాల్ క్యాప్‌లో పెట్టు, నిరుడు ఇంత పెరిగింది" అంటారు. పెట్టుకోండి, పదేళ్లు ముట్టనిదైతే మీ ఇష్టం. ఊడ్పు కూలీల డబ్బుతో మాత్రం ఆ ఆట వద్దు. ఇంకో బెడద వాట్సాప్ గ్రూపులు, నెలకి పది శాతం అని. వాటి గురించి ఎక్కువ రాయను, కోడిపందెంలో పెట్టినా కోడినైనా చూడొచ్చు.

ఇంకొక మాట, ఇది ఎవరికి పనికిరాదో. మీకు బంగారం మీద అప్పు నడుస్తుంటే ముందు అది కట్టండి. తొమ్మిది, పది శాతం వడ్డీ ఆపడం కంటే మంచి ఫండ్ ఈ భూమ్మీద లేదు. 20, 30 వేలు ఉన్నవాళ్లు సేవింగ్స్‌లోనే ఉంచండి, ఆ తేడాకి తిప్పలెందుకు. ఫోనుతో కుస్తీ పట్టలేనివాళ్లు బ్యాంకులో చిన్న గడువు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్నా నాకు సంతోషమే, అయిదు లక్షల బీమా ఉంది. క్రాప్ లోను నాలుగు శాతానికి తెచ్చి ఇందులో ఆరుకి పెడదామనే తెలివితేటలు వద్దు. ఆ లోను పంటకిచ్చింది, గడువు ఒక్కరోజు దాటితే వడ్డీ రాయితీ పోతుంది. ఇక కౌలు రైతు తమ్ముళ్లు నన్ను తిట్టుకుంటారేమో, "ఎకరానికి ఇన్ని బస్తాలు కౌలు కొలిచాక మిగిలితే కదా అన్నా దాచేది" అని. నిజం. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ రెండు రూపాయల వడ్డీకి తీసుకునేది ఎక్కువగా మీరే కాబట్టి ఇంకో కోణం చూడండి. ఊళ్లో భూమి ఉన్నవాడు "అర్ధరూపాయికి ఎవడిస్తాడు" అని నవ్వినప్పుడల్లా, ఆ మిగతా రూపాయిన్నర మీ చేలోంచే వస్తోంది.

బాబాయ్, మీరు ఈ పోస్టు చదవరు, మీ మనవడు చదివి వినిపిస్తాడు. మీ దగ్గర ఎన్ని నోట్లు ఉన్నాయో నేను అడగను. సంక్రాంతి వెళ్లాక ఒక్కసారి బీరువా తీసి, ఒక్కో నోటు మీద తేదీ చూసుకోండి. మూడేళ్లు దగ్గరపడినవి పక్కన పెట్టండి. వాటిలో "రేపు పొద్దున్న అడిగితే సాయంత్రానికి ఇస్తాడు" అని మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేవి ఎన్నో లెక్కపెట్టి, టీ కొట్టు దగ్గర నాకు చెప్పండి. అప్పుడు మళ్లీ నవ్వుకుందాం.

తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీదకి రండి. పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. ఎవరి ఫోను వాళ్లే నొక్కాలి. నేను డబ్బు ముట్టుకోను, ఓటీపీ అడగను, కమీషన్ తీసుకోను. టీ మాత్రం ఇస్తాను.